రంగును నమ్మకండి, భుజం చూడండి

స్కాన్ చేసిన పాత ఫొటోలకు క్యాప్షన్లు రాసే పనిలో ఉన్నవాళ్లకు ఎప్పుడో ఒకప్పుడు ఇలాంటి ఫైలు తగులుతుంది. మీసాలున్న యూనిఫాం మనిషి. ఛాతీ నిండా పతకాలు. భుజం మీంచి అవతలి నడుము దాకా దిగిన వెడల్పాటి పట్టీ. క్లయింటు పంపిన ఎక్సెల్ షీట్‌లో ఆ ఫొటో పక్కన ఒక్క ముక్కే ఉంటుంది: ‘జపాన్ రాజకుమారుడు, సుమారు 1880’. సాయంత్రానికల్లా ఇవ్వాలి. క్యూలో ఇంకా బోలెడు ఫొటోలున్నాయి.

ఆ ముక్కనే యథాతథంగా ఎక్కించేసి ముందుకు పోవచ్చు, అప్పటికి ఎవరూ అడగరు. కానీ మ్యూజియంల దగ్గర, వేలం సంస్థల దగ్గర మీ పనికి నాలుగు కాలాలు విలువ ఉండాలంటే జపాన్, రాజకుమారుడు, 1880 అన్న మూడు మాటలకూ విడివిడిగా ఆధారం కావాలి. ఆ ఆధారంలో చాలా భాగం ఆ మనిషి ఛాతీ మీదే ఉంటుంది. చూడాల్సిన వరుస తప్పకపోతే చాలు.

అందరూ మొదట చేసేది ముఖాన్ని పట్టుకుని ఇంటర్నెట్లో వెతకడం. దాన్ని చివరికి వాయిదా వేయండి. మెయిజీ కాలపు రాజవంశీకుల్లో చాలామందిది ఒకే రకం యూనిఫాం, ఇంచుమించు ఒకే తరహా మీసకట్టు. పైగా వంశాల పేర్లు మారుతుండేవి. హిగాషిఫుషిమి వంశం పేరుతో ఉన్న రాజకుమారుడు 1882లో కొమాత్సు అకిహితో అయ్యాడు. 1903లో అదే హిగాషిఫుషిమి పేరుతో మరో రాజకుమారుడు, యోరిహితో, కొత్త వంశం మొదలుపెట్టాడు. ‘ప్రిన్స్ హిగాషిఫుషిమి’ అని పాత క్యాప్షన్లో ఉంటే వాళ్లిద్దరిలో ఎవరైనా కావచ్చు. ముఖంతో మొదలుపెట్టినవాళ్లు ముందే ఒక పేరు ఖాయం చేసుకుని, ఆ తర్వాత పతకాలను ఆ పేరుకు సరిపెట్టే పనిలో పడతారు.

ముందు చూడాల్సింది కుడి ఎడమలు. క్యాప్షన్లో కుడి అంటే ఫొటోలోని మనిషికి కుడి, మనకు ఎడమ. వినడానికి చిన్నపిల్లల పాఠంలా ఉంటుంది గానీ, ఈ పనిలో పడే తప్పుల్లో సగం ఇక్కడే పుడతాయి. తర్వాత ఫొటో తిరగబడి ముద్రించారేమో చూడాలి. కత్తి ఎడమ నడుముకి వేలాడాలి. పక్కన ఎవరైనా కిమోనోలో ఉంటే ఇంకా సులువు: ఆడైనా మగైనా ఎడమ అంచు పైకి, కుడి అంచు లోపలికి వచ్చేలా కడతారు. దానికి రివర్సులో కట్టేది శవానికే. కాబట్టి బతికున్నవాళ్లంతా శవాల్లా కిమోనో కట్టుకుని కనిపిస్తే నెగెటివ్ తిరగబడిందని అర్థం. ఫైలును ఫ్లిప్ చేయకుండానే నోట్ పెట్టండి. సరిదిద్దాలా వద్దా అన్నది క్లయింటు నిర్ణయం.

ఇక్కడో మెలిక ఉంది. ఛాతీకి ఎడమవైపు ఉండాల్సిన పెద్ద నక్షత్రం కుడివైపు కనిపించగానే ‘తిరగబడింది’ అని తేల్చేయకండి. జపాన్ ఉదయసూర్య ఆర్డర్‌లోనూ, పవిత్ర నిధి ఆర్డర్‌లోనూ రెండో తరగతి పొందినవాళ్లు నక్షత్రాన్ని కుడి ఛాతీకే పెట్టుకునేవారు. అది తప్పు కాదు, తరగతిని చెప్పే గుర్తు. ఉదయసూర్య రెండో తరగతి అయితే దానితో పాటు మెడలో కూడా ఒక పతకం వేలాడుతుంది. కత్తి, నక్షత్రం రెండూ కుడికి వచ్చాయా, నక్షత్రం ఒక్కటే వచ్చిందా అన్నది చూస్తే సంగతి తేలిపోతుంది.

ఆర్డర్‌కీ మెడల్‌కీ తేడా ఇక్కడే చెప్పుకుందాం. ఆర్డర్ అంటే తరగతులున్న రాజగౌరవం. భుజం పట్టీ (దాన్ని సాష్ అంటారు), ఛాతీ మీద నక్షత్రం, మెడలో వేలాడేది, చిన్న రిబ్బన్‌కి వేలాడేది అని మెట్లు మెట్లుగా ఉంటుంది. మెడల్ అంటే ఒక యుద్ధానికో ఒక వేడుకకో గుర్తుగా ఇచ్చే గుండ్రటి బిళ్ల. ఫొటోలో నక్షత్రాలు, కిరణాలు ఆర్డర్లు. వరుసగా వేలాడే నాణేల్లాంటివి మెడల్స్. హోదా తెలిసేది మొదటివాటితో, తేదీ తెలిసేది ఎక్కువగా రెండోవాటితో.

ఇక రంగు. పుస్తకాల్లోనూ వికీపీడియాలోనూ ప్రతి ఆర్డర్ రిబ్బన్‌కీ రంగులు రాసి ఉంటాయి. చామంతి ఆర్డర్‌ది ఎరుపు మీద ఊదా అంచుగీతలు. కిరి (పౌలోనియా) పువ్వుల ఆర్డర్‌ది ఎరుపు మీద తెల్ల గీతలు. ఉదయసూర్యది తెలుపు మీద ఎరుపు గీతలు. పవిత్ర నిధిది లేత నీలం మీద పసుపు గీతలు. బంగారు గద్దది పచ్చ మీద తెలుపు. ఆడవాళ్లకిచ్చే రత్నకిరీటం ఆర్డర్‌ది పసుపు మీద ఎరుపు. ఈ జాబితా చేతిలో పెట్టుకుని బ్లాక్ అండ్ వైట్ ఫొటో మీద పడితే దారి తప్పుతారు. ఆ కాలపు ప్లేట్లకు నీలం మీద ఉన్నంత చూపు ఎరుపు మీద ఉండేది కాదు. నీలం ఇంచుమించు తెల్లగా వస్తుంది, ఎరుపు నల్లగా వస్తుంది, పసుపు కూడా మనం అనుకున్నదానికంటే ముదురుగా దిగుతుంది. అన్ని రంగులనూ సమంగా చూసే ఫిల్మ్ అందరి చేతికీ వచ్చింది ఇరవయ్యో శతాబ్దంలోనే.

దాంతో ఈ ఆరు సాష్‌లూ ఫొటోలో మూడు జంటలైపోతాయి. కిరి పువ్వులు, బంగారు గద్ద: రెండూ నల్ల పట్టీ, తెల్ల గీతలు. ఉదయసూర్య, పవిత్ర నిధి: రెండూ తెల్ల పట్టీ, ముదురు గీతలు. చామంతి, రత్నకిరీటం: రెండూ గీత కనీకనపడని ముదురు పట్టీ. జంట అని తెలిస్తే విడదీయడం కష్టం కాదు.

మొదటి జంటను భుజం విడదీస్తుంది. జపాన్ ఆర్డర్ల సాష్‌లు సాధారణంగా కుడి భుజం మీంచి ఎడమ నడుముకి దిగుతాయి. 1890లో సైన్యం కోసం పెట్టి, 1947లో రద్దు చేసిన బంగారు గద్ద ఒక్కటి దీనికి వ్యతిరేకం. దాని మొదటి తరగతి సాష్ ఎడమ భుజం మీంచి దిగుతుంది. పైగా ఆ పతకం మీద రెక్కలు చాచిన పక్షి ఉంటుంది. జింము చక్రవర్తి యుద్ధంలో వాలిందని కథల్లో చెప్పే గద్ద అది. పక్షి కనబడిందంటే ఇక ఆలోచించక్కర్లేదు.

రెండో జంటకు నక్షత్రాన్ని జూమ్ చేయాలి. ఉదయసూర్య నక్షత్రం నడుమ ఎర్రటి సూర్యబింబం ఉంటుంది. ఎరుపు కాబట్టి నల్లటి బొట్టులా వస్తుంది. ఉబ్బెత్తుగా ఉండటంవల్ల చాలా ఫొటోల్లో దాని మీద కిటికీ వెలుగు సన్నని మెరుపుగా పడుతుంది. పవిత్ర నిధి నక్షత్రం నడుమ ఉండేది నీలం నేల మీద వెండి అద్దం, చుట్టూ పూసల దండ. ఆ నీలం తేలిపోయి నడిమి భాగమంతా లేతగా కనిపిస్తుంది. నల్ల నడుమ అయితే సూర్యుడు, తెల్ల నడుమ అయితే అద్దం. మసకబారిన గ్రూప్ ఫొటోలో కూడా పనికొచ్చే గుర్తిది. స్కాన్ మరీ చిన్నదైతే పెద్దది అడగండి గానీ, షార్ప్‌నెస్ పెంచి లేని గీతలు పుట్టించుకోకండి.

సూర్యబింబం ఉన్న నక్షత్రాలు మళ్లీ మూడు రకాలు. కిరణాల గుత్తుల మధ్య సందుల్లోకి చూడాలి. సందుల్లో ఆకులతో కూడిన గుండ్రటి పువ్వుంటే చామంతి. పువ్వులు గుత్తుగా మూడేసి ఉంటే కిరి. ఏమీ లేక కిరణాలు మాత్రమే ఉంటే ఉదయసూర్య. వేలాడే పతకానికైతే పైన ఉన్న కొక్కెం దగ్గర చూడండి: చామంతికి చామంతి పువ్వే, ఉదయసూర్యకి మూడు కిరి ఆకులు.

మూడో జంటలో తిప్పలు తక్కువ. రత్నకిరీటం ఆడవాళ్లది, 1888లో పెట్టింది. దాని పతకం నిలువు కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. మొదటి తరగతికి ముత్యాలు పొదుగుతారు కాబట్టి అంచు వెంట తెల్లని చుక్కలు కనిపిస్తాయి. రెండో తరగతి నుంచి సాష్ ఉండదు, ఎడమ రొమ్ము పైభాగాన రిబ్బన్ ముడికి వేలాడుతుంది. ఈ ముడిని చూసి ‘బ్రోచ్’ అనో ‘అలంకారం’ అనో రాసేసిన క్యాప్షన్లు కోకొల్లలు. అలాంటి ముడికే వేలాడే ఇంకోటి కూడా ఉంది, జపాన్ రెడ్ క్రాస్ సభ్యత్వ పతకం. రాజకుటుంబపు ఆడవాళ్ల ఫొటోల్లో ఇది తరచుగా కనిపిస్తుంది, రత్నకిరీటం పక్కనే. గుండ్రంగా ఉంటే రెడ్ క్రాస్ వైపు, కోడిగుడ్డులా ఉంటే కిరీటం వైపు మొదట వెతకండి. మెయిజీ చక్రవర్తి భార్య, సామ్రాజ్ఞి షోకెన్, 1886లో పాశ్చాత్య దుస్తుల్లోకి మారింది. గౌను మీద పతకాలున్న రాణివాసపు ఫొటోకి అంతకు ముందు తేదీ ఇచ్చి ఉంటే అనుమానించాల్సిందే.

తేదీ దగ్గరికొచ్చాం గనక ఒక సూత్రం. పతకం ‘ఫలానా ఏడాది తర్వాత’ అని చెప్పగలదు, ‘ఫలానా ఏడాదికి ముందు’ అని చెప్పలేదు. లేని పతకం దేనికీ సాక్ష్యం కాదు, ఆ రోజు పెట్టుకోకపోయి ఉండొచ్చు. ఉన్న పతకానికి మాత్రం పుట్టినరోజు ఉంటుంది. జపాన్‌లో తొలి ఆర్డర్, ఉదయసూర్య, 1875లో వచ్చింది. చామంతి సాష్ 1876లో. దాని మెడహారం, కిరి పువ్వుల సాష్, పవిత్ర నిధి, రత్నకిరీటం నాలుగూ 1888 జనవరిలో. మెడల్స్‌లో 1889 రాజ్యాంగ ప్రకటన పతకం, 1894లో మెయిజీ దంపతుల పాతికేళ్ల పెళ్లిరోజు పతకం, 1915లో తాయిషో పట్టాభిషేకం, 1928లో షోవా పట్టాభిషేకం. ఇవి తేదీ గోడకు మేకుల్లా పనికొస్తాయి. ఒక ఫొటోలో దొరికినవన్నీ రాసుకుని, వాటిలో అన్నిటికంటే ఆలస్యంగా పుట్టినదాని ఏడాది తీసుకోండి. ఫొటో దానికి ముందుది కాదు.

ఇప్పుడు మన ఎక్సెల్ షీట్‌కి వద్దాం. కత్తి ఎడమకే ఉంది, సాష్ కుడి భుజం మీంచే దిగింది, నల్ల పట్టీకి తెల్ల గీతలున్నాయి, నక్షత్రం సందుల్లో పువ్వులు మూడేసి గుత్తులుగా ఉన్నాయి అనుకోండి. అది కిరి పువ్వుల సాష్. 1888లో పుట్టింది కాబట్టి ‘సుమారు 1880’ నిలబడదు. ఇంక ‘రాజకుమారుడు’ సంగతి. ఈ సాష్ రాజకుటుంబానికే కాదు, పెద్ద మంత్రులకూ సేనాపతులకూ ఇచ్చారు. ‘జపాన్’ కూడా అనుమానమే, విదేశీయులకూ జపాన్ ఆర్డర్లు ఇచ్చేవారు. ఒక్క సాష్ చూసేసరికి షీట్‌లోని మూడు మాటల్లో ఒకటి పోయింది, రెండు ఇంకా రుజువు కావాల్సి ఉన్నాయి. ఇది ఓటమి కాదు, మీరు చేసిన పని.

రాజకుమారుడే అని వేరే ఆధారం దొరికిందనుకోండి, అప్పుడు సాష్ ఇంకో మెట్టు ఎక్కిస్తుంది. 1910లో రాజకుటుంబ సభ్యుల హోదాల మీద ఒక శాసనం వచ్చింది. దాని ప్రకారం సింహాసనానికి వారసుడికి ఏడేళ్లు నిండాక, దగ్గరి వరస రాజకుమారుడికి (జపనీస్‌లో షిన్నో) పదిహేనేళ్లు నిండాక చామంతి సాష్. దూరపు శాఖల రాజకుమారుడికి (ఓ) పదిహేనేళ్లు నిండాక కిరి పువ్వుల సాష్. ఆడవాళ్లలో షిన్నో భార్యకు రత్నకిరీటం మొదటి తరగతి, ‘ఓ’ భార్యకు రెండో తరగతి. ఈ ఒక్క నియమం గ్రూప్ ఫొటోల్లో ఎంత పని చేస్తుందో చెప్పలేను. పక్కపక్కన నిలబడ్డ ఇద్దరు యువతుల్లో ఒకరికి సాష్, ఒకరికి రిబ్బన్ ముడి ఉన్నాయంటే వాళ్ల భర్తల వంశాల స్థాయి వేరని చెప్పకనే చెబుతుంది. బాలుడు చామంతి సాష్‌తో ఉంటే వెతకాల్సిన పేర్లు చాలా తగ్గిపోతాయి. హిరోహితో 1912లో తండ్రి సింహాసనమెక్కాక, పదకొండేళ్ల వయసులో, సైన్యంలోనూ నౌకాదళంలోనూ అధికారి హోదాతో పాటు దాన్ని అందుకున్నాడు. అయితే జాగ్రత్త, ఆ తర్వాత ఉన్నత హోదా ఇచ్చి ‘ఓ’ హోదా రాజకుమారుడిని చామంతికి పెంచిన సందర్భాలూ ఉన్నాయి. నియమం కింది మెట్టునే చెబుతుంది.

విదేశీ ఆర్డర్లు కనిపిస్తే సంతోషించండి, సందర్భం చేతికి అందినట్టే. అతిథిగా వచ్చిన రాజు దేశపు ఆర్డర్ పెట్టుకోవడం అప్పటి మర్యాద. బ్రిటన్ గార్టర్ సాష్ ముదురు నీలం, ఎడమ భుజం మీంచి దిగుతుంది. జపాన్ చక్రవర్తి ఎడమ భుజం సాష్‌తో కనిపిస్తే బంగారు గద్దతో పాటు దీన్నీ గుర్తుకు తెచ్చుకోవాలి. గార్టర్ మెయిజీకి 1906లో, తాయిషోకి 1912లో, షోవాకి (అంటే హిరోహితోకి) 1929లో వచ్చింది. షోవా పేరు యుద్ధంలో 1941లో కొట్టేశారు, 1971లో తిరిగి చేర్చారు.

కొరియా ఫొటోలు వేరే తలనొప్పి. 1910 తర్వాత కొరియా రాజవంశాన్ని జపాన్ తన వ్యవస్థలో కలిపేసుకుంది. యువరాజు యి ఉన్ జపాన్ సైనిక యూనిఫాంలో పెరిగి, 1920లో జపాన్ రాజకుటుంబపు నాషిమోతో మసాకోను పెళ్లాడాడు. ఆయన ఛాతీ మీద జపాన్ ఆర్డర్లే ఉంటాయి. ‘జపాన్ రాజకుమారుడు’ అని రాస్తే చూడ్డానికి సరిగ్గానే ఉంటుంది, చరిత్ర తెలిసినవాళ్లకు మాత్రం మండుతుంది. అనుమానం ఉన్నచోట దేశం గడిని ఖాళీగా వదిలి, ‘జపాన్ సైనిక యూనిఫాం’ అని మాత్రం రాయండి.

మెయిజీ చక్రవర్తి విషయంలో ఇంకో ఉచ్చు. ఆయనకు కెమెరా ముందు కూర్చోవడం ఇష్టముండేది కాదు. ఉచిదా కుయిచి 1872లో రాజసభ దుస్తుల్లోనూ, 1873లో పాశ్చాత్య యూనిఫాంలోనూ ఫొటోలు తీశాడు. అప్పటికి జపాన్‌లో ఆర్డర్లే లేవు. తర్వాత ఊరూరా బడుల్లో పెట్టిన ప్రసిద్ధ చిత్రం నిజానికి ఫొటో కాదు. ఇటలీకి చెందిన ఎదువార్దో కియొస్సొనే 1888లో ఒక విందులో చక్రవర్తిని చాటుగా గమనించి గీసిన బొమ్మను మారుకి రియో ఫొటో తీశాడు. పేపర్ ప్రింట్ మాత్రం ఫొటోదే, అందుకే క్యాటలాగుల్లో ‘ఫొటోగ్రాఫ్’ అని ఎక్కిపోతుంది. గడ్డం వెంట్రుకలు ఒక్కొక్కటీ గీసినట్టు తీరుగా ఉండటం, యూనిఫాం మడతల్లో ఎక్కడా గింజలు కనిపించకపోవడం చూసి పట్టుకోవచ్చు. మాధ్యమం గడిలో ‘చిత్రానికి తీసిన ఫొటో’ అని రాయండి. ఉచిదా తీసిన ముఖమే కనిపిస్తూ ఛాతీ మీద నక్షత్రాలుంటే అవి తర్వాత అద్దినవి.

రంగులద్దిన పోస్టుకార్డులు, ఇప్పటి సాఫ్ట్‌వేర్ రంగులద్దిన ఫైళ్లు రెండింటినీ ఒకే గాటన కట్టండి. యోకోహామా స్టూడియోలో కుంచె పట్టినవాడికీ అసలు రంగు తెలియదు, మీ కంప్యూటర్‌కీ తెలియదు. ఎర్ర సాష్‌ను నీలం చేసేస్తారు, తర్వాత చూసినవాళ్లు దాన్ని గార్టర్ అనుకుంటారు. ఎప్పుడూ అసలు బ్లాక్ అండ్ వైట్ ఫైలే అడిగి తీసుకోండి. ఈ రంగుల మాయ అలవాటు కావాలంటే దగ్గరలోనే సాధన చేయవచ్చు. సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపిన రాజా దీన్ దయాళ్ తీసిన నిజాం దర్బారు ఫొటోలు చూడండి. స్టార్ ఆఫ్ ఇండియా ఆర్డర్ సాష్ లేత నీలం, తెల్ల అంచులు. ఫొటోలో అంచెక్కడో పట్టీ ఎక్కడో తెలియకుండా అంతా తెల్లగా కలిసిపోతుంది.

ఇవన్నీ అయ్యాక ముఖం, పేరు. జపాన్ నేషనల్ డైట్ లైబ్రరీ చారిత్రక వ్యక్తుల ముఖచిత్రాలను ఆన్‌లైన్‌లో పెట్టింది. 1883 నుంచి వెలువడిన ప్రభుత్వ గెజిట్, కంపో, కూడా అక్కడే ఉంది. ఎవరికి ఏ ఆర్డర్ ఏ తేదీన ఇచ్చారో అందులో దొరుకుతుంది. జపనీస్ రాకపోయినా పేరు కంజీ అక్షరాలు కాపీ చేసి వెతకవచ్చు. అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లోని బెయిన్ సంగ్రహం ఫొటోలు బాగుంటాయి గానీ, వాటి పేర్లు పత్రికల హడావిడిలో రాసినవి. మరో ఆధారం లేకుండా వాటిని ఎత్తిరాయకండి.

క్యాప్షన్ రాసేటప్పుడు కళ్లకు కనిపించింది ముందు, మీరు తేల్చింది తర్వాత. ఇలా: ‘జపాన్ సైనిక యూనిఫాంలో పురుషుడు. కుడి భుజం మీంచి సాష్, ఎడమ ఛాతీ మీద కిరి పువ్వుల ఆర్డర్ నక్షత్రం. 1888 లేదా ఆ తర్వాత. వ్యక్తి గుర్తింపు కాలేదు.’ చప్పగా ఉందనిపిస్తుంది. కానీ రేపు ఇంకొకరు ఈ ఫైలు తెరిచినప్పుడు దీని మీద నిలబడి ముందుకు వెళ్లగలరు. పేరు మీద మీకు ఒక అంచనా ఉంటే ‘బహుశా’ అని పేరు గడిలో పెట్టకుండా, నోట్స్ గడిలో కారణంతో పెట్టండి. పేరు గడిలో పెట్టిన ‘బహుశా’ రెండో కాపీకల్లా ఎగిరిపోతుంది.

క్లయింటుకి ప్రశ్నలు పంపేటప్పుడు అన్నీ ఒకే మెయిల్‌లో వేయండి: ఫొటో వెనకవైపు స్కాన్ ఉందా, అట్ట మీద స్టూడియో ముద్ర ఉందా, అంచులు కత్తిరించని ఫైలు దొరుకుతుందా. అంచులు ముఖ్యం, సాష్ చివర వేలాడే పతకం నడుము దగ్గర ఉంటుంది, ఛాతీ వరకే కట్ చేసిన ఫైళ్లలో అదే పోతుంది. జవాబు వచ్చేలోపు గడువు ముగిస్తే కనిపించింది మాత్రం రాసి పంపేయండి. వాళ్లు ఇచ్చిన ‘జపాన్ రాజకుమారుడు, సుమారు 1880’ని చెరిపేయకండి. ‘పాత వివరం’ అని వేరే గడిలో ఉంచండి. అది ఏ గుమస్తా చేతిరాతో, ఏ ఆల్బమ్ మీదిదో రేపు తెలియవచ్చు.